గానుగ నూనె ధర 330 నుంచి 300కి దించాలా? ముందు గానుగ ఎన్ని రోజులు ఖాళీగా ఉంటోందో చూడండి

తమ్ముడూ, మీ ప్రశ్న మొత్తం చదివాను. హిందూపురంలో భార్యాభర్తలిద్దరూ కలిసి కట్టె గానుగ పెట్టారు. శెనక్కాయ నూనె లీటరు 330కి అమ్ముతున్నారు. నెలకు 400 లీటర్ల దగ్గర ఆగిపోయింది. పక్క వీధిలో ఇంకొకరు కొత్తగా గానుగ పెట్టి 290 అని బోర్డు పెట్టారు. ఇప్పుడు మనమూ 300కి దించాలా, 20 శాతం మార్జిన్ అడుగుతున్న సూపర్‌మార్కెట్‌కు సరుకు ఇవ్వాలా, కొబ్బరి నూనె, మూలికల తలనూనె కూడా మొదలుపెట్టాలా అని అడిగారు. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉన్న బంధువులు నూనె పంపమంటున్నారన్నది చివర్లో ఒక ముక్కలో రాసి వదిలేశారు. నా లెక్కలో మీ ప్రశ్న అంతటిలోనూ విలువైన సమాచారం అదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను రిఫైన్డ్ ప్యాకెట్ల డిస్ట్రిబ్యూషన్‌లో ఏళ్ల తరబడి రాయలసీమ అంతా తిరిగినవాణ్ణి. ఇప్పుడు చిన్న ఆహార తయారీదారులకు లెక్కలు చూసిపెడుతున్నాను. అందుకే ముందు లెక్క, ఆ తర్వాతే మాటలు.

మీరిచ్చిన అంకెలే తీసుకుంటున్నాను. 100 కిలోల గింజలు కిలో 130 చొప్పున 13,000. వాటి నుంచి 40 కిలోల నూనె దిగుతోంది. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు కాబట్టి అది 44 లీటర్లు. నూనె తీశాక 56 కిలోల చెక్క (గింజల పిప్పి) మిగులుతోంది, పశువుల దాణాకు కిలో 40కి పోతోంది, అంటే 2,240. చెక్క డబ్బు తీసేస్తే ముడిసరుకు ఖర్చు 10,760, లీటరుకు 244.50. రోజు కూలీ 800, కరెంటు 150 కలిపితే లీటరుకు 21.50. సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె 18. మొత్తం 284.

అంటే 330కి అమ్మిన ప్రతి లీటరు మీదా మీకు మిగిలేది 46 రూపాయలు. అద్దె 8,000, బ్యాంకు వాయిదా 14,000, మిగతా చిల్లర ఖర్చులు 3,000 కలిపి నెలకు 25,000 అన్నారు. 400 లీటర్ల మీద మిగిలేది 18,400. ప్రతి నెలా 6,600 చేతి నుంచి పెడుతున్నారు, అదీ మీ ఇద్దరి కష్టానికి ఒక్క రూపాయి వేసుకోకుండా. మీ కంగారు పక్క వీధి బోర్డు వల్ల అనుకుంటున్నారు గానీ, ఆ బోర్డు రాకముందే ఈ లోటు ఉంది.

ఇప్పుడు 300కి దించి చూడండి. లీటరు మీద మిగిలేది 16. ఈ రోజు వస్తున్న 18,400 రావాలంటేనే నెలకు 1,150 లీటర్లు అమ్మాలి, అంటే దాదాపు మూడింతలు. ఖర్చులన్నీ తీరాలంటే 1,560 లీటర్లు దాటాలి. మీ గానుగ రోజుకు 100 కిలోలు ఆడిస్తుంది, నెలలో 25 రోజులు తిప్పినా వచ్చేది 1,100 లీటర్లు. ఊరంతా మీ దగ్గరే కొన్నా, గానుగ ఒక్క రోజు ఆగకపోయినా నష్టమే. ధర పది శాతం లోపే తగ్గించాం కదా అనిపిస్తుంది. కానీ తగ్గింది అమ్మకం ధరలో తొమ్మిది శాతం, మీకు మిగిలే దానిలో అరవై ఐదు శాతం. ధర విషయంలో ఎప్పుడూ చూడాల్సిన అంకె ఈ రెండోదే. అందుకే 300 అన్న మాట మర్చిపోండి. 299 అసలే వద్దు. ఆ తొమ్మిదుల కిటుకు బట్టల కొట్టులో పనిచేస్తుందేమో, నెలనెలా కొనే వంటనూనెలో ఇల్లాలు లెక్క చూసే కొంటుంది.

పక్కవాళ్లకు 290 ఎలా గిట్టుబాటవుతుందంటారా? వాళ్ల సీసా ఒకటి కొని లేబుల్ చదవండి. నికర పరిమాణం 900 మిల్లీలీటర్లు అని ఉంటే లీటరు 322 పడినట్టు, మీకూ వాళ్లకూ తేడా 8 రూపాయలే. ఈ మిల్లీలీటర్లు, గ్రాముల గందరగోళం నూనె వ్యాపారంలో పాత సంగతి. లీటరు అనుకుని జనం 870 గ్రాముల ప్యాకెట్లు పట్టుకెళ్లడం నేను కళ్లారా చూశాను. అందుకే ఇప్పుడు ప్యాకెట్ మీద ఎమ్మార్పీతో పాటు లీటరుకో కిలోకో ఎంత పడుతుందో కూడా వేయాలని తూనికలు కొలతల నిబంధనల్లో పెట్టారు. మీ లేబుల్ మీద '1 లీటరు, 910 గ్రాములు' అని రెండూ పెద్దక్షరాల్లో వేయండి. కౌంటర్ మీద చిన్న కాటా పెట్టండి. ఎవరి పేరూ ఎత్తకండి, అడిగినవాళ్లకు తూచి చూపించండి.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. గింజల్ని గట్టిగా నొక్కి నూనె పిండే, వేడి ఎక్కే ఇనుప మిషన్ (ఎక్స్‌పెల్లర్)లో 100 కిలోలకు కట్టె గానుగ కంటే నాలుగైదు కిలోలు ఎక్కువ నూనె దిగుతుంది. చెక్కలో మిగిలే నూనె తక్కువ కాబట్టి ఖర్చు తగ్గుతుంది. అది మోసం కాదు, వేరే సరుకు. లేదా వాళ్లూ మీలాగే చేతి నుంచి పెడుతున్నారేమో, అప్పుడు ఆ బోర్డు ఎన్నాళ్లో నిలవదు.

రిఫైన్డ్ ప్యాకెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 'ఫ్రీడమ్, గోల్డ్ డ్రాప్ ఆ ధరకు వస్తుంటే మీది రెట్టింపు ఎందుకు' అని అడిగేవాళ్లకు జవాబు చెప్పలేకపోతున్నాం అన్నారు. ఆ రెండు ధరలూ వేర్వేరు చోట్ల పుడతాయి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పొద్దుతిరుగుడు, పామాయిల్ ధర ఉక్రెయిన్‌లో, ఇండోనేషియాలో, ఢిల్లీలో వేసే సుంకంలో నిర్ణయమవుతుంది. 2022లో యుద్ధం మొదలయ్యాక పొద్దుతిరుగుడు ప్యాకెట్ 200 దాకా పోయింది. ఆ ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసి మంట ఇంకా పెంచింది. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు, 2025 మే ఆఖరులో 16.5కి దించారు. మీ శెనక్కాయ ధర మాత్రం అనంతపురం వానల మీద, కదిరి యార్డు మీద ఉంటుంది. ఒకటి పెరిగినప్పుడు ఇంకొకటి పెరగాలని లేదు. రిఫైన్డ్ ధర చూసి మీ ధర మార్చడం మొదలుపెడితే ఏ నెలా లెక్క కుదరదు. రెట్టింపు ఎందుకని అడిగేవాడు ఇవాళ మీ కొనుగోలుదారు కాడు, వాదించకుండా నవ్వి పంపేయండి.

మరి 330 సరైన ధరేనా? ఖర్చు లెక్క కింది హద్దు మాత్రమే చెబుతుంది, పై హద్దు కొనేవాళ్లు చెప్పాలి. దానికి 1976లో వాన్ వెస్టెండోర్ప్ అనే డచ్ ఆర్థికవేత్త నాలుగు ప్రశ్నల పద్ధతి ఒకటి చెప్పాడు. పెద్ద కంపెనీలు లక్షలు పోసి చేయిస్తాయి, మీరు కౌంటర్ దగ్గరే చేసుకోవచ్చు. రెగ్యులర్‌గా కొనే ముప్పై నలభై మందిని అడగండి: లీటరు ఎంత దాటితే ఇక కొనరు? ఎంతయితే ఖరీదే అనిపించినా కొంటారు? ఎంతకిస్తే మంచి బేరం అనిపిస్తుంది? ఎంతకంటే తక్కువకు ఇస్తే 'ఇందులో ఏదో కలిపారు' అని అనుమానం వస్తుంది? ఈ నాలుగో ప్రశ్న సబ్బుకో బిస్కెట్‌కో అంత పట్టింపు కాదు గానీ, గానుగ నూనెకు ప్రాణం. కల్తీ భయంతోనే వాళ్లు ప్యాకెట్ వదిలి మీ దగ్గరికి వచ్చారు. ధర మరీ దిగితే ఆ భయం మీ మీదికే తిరుగుతుంది. జవాబులన్నీ ఒక కాగితం మీద వరుసగా రాస్తే, ఎక్కువమంది 'ఖరీదే కానీ కొంటాం' అన్నది ఎక్కడ పడుతుందో మీకే కనిపిస్తుంది. 340, 350 దగ్గర పడితే ఆశ్చర్యపోకండి.

ఇప్పుడు అసలు విషయం. 400 లీటర్లు ఆడించడానికి మీకు పట్టేది తొమ్మిది రోజులు. మిగతా పదహారు రోజులు గానుగ ఊరికే నిలబడి ఉంది, బ్యాంకు వాయిదా మాత్రం నడుస్తోంది. మీ జబ్బు ధర కాదు, ఈ ఖాళీ. మీరున్నది శెనక్కాయ పండే సీమలో. చుట్టుపక్కల పల్లెల్లో ప్రతి మూడో ఇంట్లో సొంత కాయలుంటాయి. వాళ్లు మీ నూనె కొనరు, ఎందుకు కొంటారు? కానీ తమ గింజలు కళ్లముందు ఆడించి ఇస్తామంటే వస్తారు.

బోర్డు ఇలా పెట్టండి: 'మీ గింజలు తెచ్చుకోండి, ఉచితంగా ఆడించి ఇస్తాం, చెక్క మాకు వదిలేయండి.' ఉచితం అనగానే ఉలిక్కిపడకండి. 100 కిలోలు ఆడిస్తే కూలీ, కరెంటు కలిపి మీకయ్యేది 950. చెక్క మీద వచ్చేది 2,240. రోజుకు 1,290 మిగులు. గింజల మీద ఒక్క రూపాయి పెట్టుబడి లేదు, సీసా ఖర్చు లేదు, అమ్ముడుపోలేదన్న బాధ లేదు. పశువులున్నవాళ్లు చెక్క మాకే కావాలంటారు, వాళ్లకు కిలో గింజలకు 20 చొప్పున కూలీ పెట్టండి. రెండు రేట్లూ పక్కపక్కన రాస్తే ఎవరికి ఏది లాభమో వాళ్లే ఎంచుకుంటారు. నెలలో ఐదు రోజులు ఈ పని దొరికినా 6,450. మీ 18,400కి కలిపితే 24,850. నూనె ధర ఒక్క రూపాయి కదల్చకుండానే లోటు దాదాపు పూడిపోయింది.

కొన్ని జాగ్రత్తలు. కాయలు కాదు, ఒలిపించి ఏరిన గింజలే తేవాలని ముందే చెప్పండి. బూజు పట్టినవి, నల్లబడ్డవి ఉంటే మొహమాటం లేకుండా వెనక్కి పంపండి. అఫ్లాటాక్సిన్ అనే విషం వాటిలోనే పుడుతుంది, గానుగలో ఒకసారి పడితే తర్వాత మీ సొంత సరుకుకూ అంటుతుంది. ఎవరి గింజలు ఎంత తూగాయో, ఎంత నూనె దిగిందో వాళ్లముందే చీటీ మీద రాసివ్వండి. కొత్త గింజలో తేమ ఎక్కువ, నూనె తక్కువ దిగుతుంది. చీటీ లేకపోతే 'మా నూనె మీరే తీసుకున్నారు' అన్న మాట ఊళ్లో పాకడానికి ఒక్క సంత చాలు. వానాకాలం పంట ఇంటికొచ్చే అక్టోబరు, నవంబరు నుంచి సంక్రాంతి దాకా ఈ పని ఎక్కువ ఉంటుంది, ఎండాకాలానికి సన్నగిల్లుతుంది. దీన్నే నమ్ముకోమనడం లేదు.

సూపర్‌మార్కెట్‌కు సూటిగా వద్దు అంటాను. వాళ్లు చెప్పే 20 శాతం మీ ఖర్చు మీద కాదు, ఎమ్మార్పీ మీద. 330లో 66 వాళ్లకు పోతే మీ చేతికి 264. మీ ఖర్చే 284. సీసాకు 20 రూపాయలు ఎదురిచ్చి అమ్మినట్టు. పైగా డబ్బు నెల తర్వాత, కారిన సీసాలు రిటర్న్, పండక్కి స్కీము. మీకు 330 చేతికి రావాలంటే అక్కడ ఎమ్మార్పీ 412 వేయాలి. అప్పుడు మీ కౌంటర్‌లో 330, వాళ్ల అరలో 412 అని తేలి రెండు చోట్లా మాట పడుతుంది. నెలకు వెయ్యి లీటర్లు దాటాక, రెండో గానుగ పెట్టాలనుకున్నప్పుడు దీని గురించి మళ్లీ ఆలోచించవచ్చు.

బెంగళూరు వేరే కథ. మీ ఊరి నుంచి వంద కిలోమీటర్లు. అక్కడ రాయలసీమ కుటుంబాలు ఎన్ని ఉన్నాయో నాకంటే మీకే తెలుసు. లీటరు సీసాలు కాదు, ఐదు లీటర్ల క్యాన్ మాత్రమే పెట్టండి. ముందుగా బుక్ చేసుకోవాలి, నెలకు ఒక్క ట్రిప్పు, రెండు మూడు అపార్ట్‌మెంట్లు. 200 లీటర్లకు బండి ఖర్చు 3,000 అనుకుంటే లీటరుకు 15. క్యాన్ వల్ల ప్యాకింగ్ లీటరుకు 18 నుంచి 9కి దిగుతుంది. క్యాన్ 1,800కి ఇస్తే, అందులోంచి 5 శాతం జీఎస్టీ, బండి, ఖర్చు అన్నీ పోగా లీటరుకు దాదాపు 53 మిగులుతుంది. కౌంటర్ మీద కంటే ఎక్కువ, పైగా డబ్బు ముందే వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ నూనె అమ్మకం ఏడాదికి 16 లక్షల లోపే, ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ పరిమితి 40 లక్షలు కాబట్టి ఇప్పటిదాకా రిజిస్ట్రేషన్ అవసరం పడలేదు. రాష్ట్రం దాటి ఒక్క క్యాన్ అమ్మినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒకసారి తీసుకున్నాక హిందూపురం కౌంటర్ అమ్మకం మీద కూడా 5 శాతం కట్టాలి, అంటే 330లో 15.70 పోతుంది. గింజలు బిల్లుతో కొంటే అందులో కట్టిన పన్ను చాలావరకు సర్దుబాటవుతుంది, రైతు దగ్గర నేరుగా కొంటే కాదు. కాబట్టి అక్కడ నెలకు కనీసం 150, 200 లీటర్ల బుకింగ్ చేతికి వచ్చాకే మొదలుపెట్టండి, కౌంటర్ ధర 345 చేయడం కూడా అప్పుడే. అంతకుముందు ఆడిటర్ దగ్గర ఒక పూట కూర్చోండి. బంధువులే కదా అని బస్సు డిక్కీలో బిల్లు లేకుండా పంపే పని మాత్రం పెట్టుకోవద్దు.

కొత్త సరుకుల విషయానికొస్తే మూలికల తలనూనె వద్దు. అది వంటనూనె లైసెన్సులోకి రాదు. కాస్మెటిక్ అంటే దానికొక లైసెన్సు, ఆయుర్వేదం అంటే ఆయుష్ లైసెన్సు. సాదా కొబ్బరి నూనెకు ఆ ఇబ్బంది లేదు. తలకు రాసుకునే పారాచూట్ సీసా మీద కూడా తినే నూనె అనే ఉంటుంది, చూడండి. తినే నూనెకు తక్కువ, తలనూనెకు ఎక్కువ పన్ను ఉన్న రోజుల్లో చిన్న సీసాల కొబ్బరి నూనె ఏ కిందికి వస్తుందన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2024 డిసెంబరులో తినే నూనె వైపే తేలింది. తినే నూనెగా లేబుల్ వేసి అమ్మండి, కొన్నవాళ్లు తలకు రాసుకుంటారో కూరలో పోసుకుంటారో వాళ్లిష్టం. కానీ కొబ్బరికి మీ ఊళ్లో ప్యాకెట్ కంపెనీలతో పోటీ ఎక్కువ. నేనైతే ముందు నువ్వుల నూనె చూస్తాను. బెల్లం వేసి ఆడించిన నువ్వుల నూనె వాసన ప్యాకెట్‌లో దొరకదు, కార్తీకంలో దీపాలకు, ఎండాకాలంలో పచ్చళ్లకు అడుగుతారు. బస్తాలు కొని పెట్టుకుని ఎదురుచూడకండి. 'వచ్చే ఆదివారం నువ్వులు ఆడిస్తున్నాం, సీసాకు 200 అడ్వాన్స్' అని మీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఒక వాయికి సరిపడా డబ్బు వస్తే ఆడించండి, రాకపోతే తిరిగిచ్చేయండి. 'బాగుంటుంది, పెట్టండి' అనేవాళ్లు వందమంది ఉంటారు, 200 ఇచ్చేవాళ్లే లెక్క.

దానికంటే ముందు చేయదగ్గ కొత్త సరుకు మీ దగ్గరే ఉంది: అర లీటరు సీసా. మొదటిసారి వచ్చినవాళ్లు 330 పెట్టడానికి వెనకాడి వెళ్లిపోతున్నారని మీరే రాశారు. అర లీటరుకు నూనె, కూలీ కలిపి 133, సీసా వగైరా 13, మొత్తం 146. ధర 180 పెట్టండి. 34 మిగులుతుంది, లీటరు లెక్కన 68. కొనేవాళ్లకు భయం తక్కువ, మీకు మిగులు ఎక్కువ. ఖర్చు మిగలాలని పాత సీసాల్లో పోసి, లూజుగా మాత్రం అమ్మకండి, వంటనూనె విడిగా అమ్మడం నిషేధం.

ప్రచారానికి పోస్టర్లు, ఇన్‌స్టా వీడియోలు అడిగారు. వీడియోలు చేసుకోండి, కాదనను. కానీ మీ దగ్గర ఒకసారి కొని మళ్లీ రానివాళ్లు ఎంతమందో తెలుసా? ఒక నోటుబుక్ పెట్టి పేరు, ఫోను, కొన్న తేదీ, ఎన్ని లీటర్లు అన్నది రాయండి. ఇంట్లో ఎంతమందో అడిగితే నూనె ఎప్పుడు అయిపోతుందో తెలుస్తుంది, దానికి రెండు రోజుల ముందు మీ ఆవిడ చేత ఒక ఫోను. మెసేజ్ కాదు, ఫోను. రానివాళ్లను అడిగితే సగంమంది చెప్పేది ధర కాదు. 'వేపుడు చేస్తుంటే నురగ పొంగింది', 'అడుగున మడ్డి ఉంది, పాడైందనుకున్నాం' అంటారు. మడ్డి పూర్తిగా దిగేదాకా మూడు నాలుగు రోజులు తేర్చి సీసాకు ఎత్తండి. నురగ గురించి ఒక చిన్న చీటీ సీసాకు కట్టండి: 'రిఫైన్ చేయలేదు కాబట్టి మొదట నురగ వస్తుంది, సన్న సెగ మీద కాచి వాడండి.' లేబుల్ మీద ఆడించిన తేదీ వేయండి. 'గుండెకు మంచిది', 'కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది' అని ఎవరో డిజైనర్ రాసిపెడితే కొట్టేయండి, వంటనూనె లేబుళ్ల మీద అలాంటి మాటలు నిబంధనలకు విరుద్ధం.

ఇక రేట్లు పెరిగినప్పుడు ఏం చేయాలన్నారు. మీ దిగుబడిలో గింజలు కిలోకు 10 పెరిగితే లీటరుకు 23 పెరుగుతుంది. చెక్క 5 తగ్గితే ఇంకో ఆరు రూపాయలు. ఈ రెండు అంకెలూ గోడ మీద అతికించుకోండి. నెలకోసారి, ఒకటో తేదీన మాత్రమే ధర మార్చండి, మధ్యలో యార్డు ఎంత ఊగినా కదపకండి. పక్కన పలక మీద ఆ రోజు గింజల ధర కూడా రాయండి. సీమలో శెనక్కాయ ధర తెలియని ఇల్లు ఉండదు, బేరం అక్కడే ఆగిపోతుంది. తగ్గినప్పుడు కూడా అదే ఒకటో తేదీన తగ్గించండి, లేకపోతే పలక మీద మీరు రాసిన అంకెతోనే మిమ్మల్ని నిలదీస్తారు.

ముందు ఆ 290 సీసా కొని, నికర పరిమాణం ఎంతుందో, 'కట్టె గానుగ' అని రాసుందో లేదో చూసి ఇక్కడ పెట్టండి. మిగతాది ఆ తర్వాత మాట్లాడదాం.